రోజూ నడుస్తున్నా బరువు ఆగిపోయింది, జిమ్‌లో బరువులు ఎత్తితే తగ్గుతానా?

మీరు రాసింది ఇదీ: వయసు ముప్పై తొమ్మిది, కూర్చుని చేసే ఉద్యోగం, రోజూ గంట నడక, రాత్రిపూట అన్నం బదులు చపాతీ. 84 కిలోల నుంచి 79కి వచ్చి అక్కడే ఆగారు, పొట్ట మాత్రం అలాగే ఉంది. స్నేహితులు జిమ్‌కి రమ్మంటున్నారు. బరువులెత్తితే తగ్గుతామా, కండలొచ్చి ఇంకా పెరుగుతామా, మధ్యలో మానేస్తే ఆ కండంతా కొవ్వైపోతుందా అన్నది మీ అనుమానం. పొద్దున్న మంచిదా సాయంత్రం మంచిదా అని కూడా అడిగారు.

ముందే చెప్పేస్తున్నా, బరువులెత్తితే కాటా మీద అంకె పెద్దగా కదలదు. అయినా మీరు వెళ్లాల్సిందే.

నాకు నలభై ఆరేళ్లు, ఉండేది విశాఖలో. నేనూ మీలాగే బీచ్ రోడ్డు మీద నడకతో మొదలుపెట్టినవాణ్ణే. నడక, దాంతోపాటు తిండి తగ్గించడం. బాగానే తగ్గాను. తగ్గాక ఊళ్లో పెళ్లికి వెళ్తే ఒక్కరంటే ఒక్కరు కూడా బాగున్నావనలేదు. "ఏంట్రా అలా పీక్కుపోయావు, షుగరొచ్చిందా?" అనే పలకరింపులే అన్నీ. మనవైపు సన్నబడ్డవాడికి దక్కే మర్యాద ఇదే. మొదట్లో చిరాకేసింది గానీ, అద్దంలో చూసుకుంటే వాళ్లన్నదీ నిజమే. బుగ్గలు, భుజాలు, తొడలు తగ్గాయి. పొట్ట తగ్గింది తక్కువ.

కారణం చిన్నదే. తిండి తగ్గించినప్పుడు ఒంట్లోంచి పోయేది కొవ్వొక్కటే కాదు. కండరాలకు ఏ పనీ చెప్పకుండా తగ్గితే, పోయిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిదే ఉంటుందని పోషకాహార నిపుణులు ఒక మోటు లెక్క చెబుతారు. అంటే మీరు తగ్గిన ఐదు కిలోల్లో కిలో పైచిలుకు కొవ్వు కానిదే, అంటే కండ, నీరు లాంటివే పోయి ఉండొచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎంత సామాను బయటికి పోవాలో తిండి తేలుస్తుంది, పాత అట్టపెట్టెలు పోవాలా బీరువా పోవాలా అన్నది బరువులు తేలుస్తాయి. వారానికి రెండు మూడుసార్లు గట్టిగా పని చెప్పిన కండరాన్ని ఒళ్లు అంత తేలిగ్గా వదులుకోదు.

మనవాళ్లకి ఇది ఇంకాస్త ఎక్కువ వర్తిస్తుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో వేసుకుని ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, సరిగ్గా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నవాళ్లే. మన ఇళ్లలో "వాడికేంటి, గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు" అనిపించుకునేవాళ్లకి కూడా నలభై దాటేసరికి షుగర్ బయటపడుతుండటం మీరు చూసే ఉంటారు. భోజనం తర్వాత రక్తంలోకి చేరిన గ్లూకోజులో పెద్ద భాగాన్ని లాక్కునేవి కండరాలే. అవి తక్కువగా ఉండి, ఉన్నవి కూడా రోజంతా కుర్చీలో కూర్చుంటే ఆ చక్కెర ఎక్కడికి పోతుంది? అందుకే కాటా అంకె కంటే నడుం కొలత మీద కన్నేయమంటున్నాను. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. టేపు బొడ్డు దగ్గర పెట్టి కొలవండి, ప్యాంటు సైజు చూసి నమ్మొద్దు. ప్యాంటు పొట్ట కిందికి జారుతుంది గానీ సైజు మారదు.

ఇక జిమ్ కోచ్‌లు చెప్పే ఒక మాట గురించి. "కండ పెంచితే నిద్రలో కూడా కేలరీలు కరుగుతాయి, ఇక ఏం తిన్నా పర్లేదు" అంటారు. కరగడం నిజమే, ఎంత కరుగుతాయన్నదే చెప్పరు. కిలో కండరం ఊరికే ఉన్నప్పుడు ఖర్చు చేసేది రోజుకి సుమారు 13 కేలరీలు. ఎంతో కష్టపడి మూడు కిలోల కండ పెంచారనుకోండి, రోజుకి 40 కేలరీలు. పంచదార వేసిన టీలో సగం కప్పు. బరువులెత్తే ముప్పావు గంటలో కూడా ఖర్చయ్యేది మీ గంట నడక కంటే తక్కువే ఉండొచ్చు, ఎందుకంటే అందులో సగం సేపు సెట్ల (ఆపకుండా వరసగా ఎత్తే విడతల) మధ్య ఊపిరి తీసుకోవడమే. మీ బరువున్న మనిషి గంట చురుగ్గా నడిస్తే 300 కేలరీల దాకా పోతాయి, తిరిగొస్తూ దారిలో ఒక మసాలా దోశ తింటే చెల్లుకు చెల్లు. కిలో కొవ్వులో ఉండేవి దాదాపు 7,700 కేలరీలు. కాబట్టి 79 దగ్గర ఆగిన అంకెని కిందికి దించాల్సింది పళ్లెం దగ్గరే, జిమ్ నుంచి ఆ పని ఆశించొద్దు.

పళ్లెం అంటే ఆకలితో మాడమని కాదు. మన భోజనంలో అసలు లోటు ప్రొటీన్. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంలో పల్చటి పప్పు, చారు, పెరుగు, రాత్రి చపాతీలోకి ఏదో కూర. కడుపు నిండుతుంది, లెక్క వేస్తే ప్రొటీన్ మాత్రం బొటాబొటిగా ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలంటుంది. తిండి తగ్గిస్తూ బరువులెత్తేవాళ్లు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా తింటే కండ నిలుస్తుంది. మీ లెక్కలో అది వంద గ్రాముల దరిదాపు. గుడ్డుకి ఆరు గ్రాములు. వంద గ్రాముల చేపలోనో చికెన్‌లోనో ఇరవై. మీల్ మేకర్ ఎండువి యాభై గ్రాములు నానబెట్టి వండుకుంటే పాతిక, మాంసం తినని ఇళ్లలో ఇంత చవకది ఇంకోటి లేదు. మా ఇంట్లో పప్పు చిక్కబడింది, అన్నం ఒక గరిటె తగ్గింది, కానాగంతల చేపల పులుసు ఆదివారంతో పాటు బుధవారం కూడా వస్తోంది. అంతకుమించి వంటింట్లో విప్లవాలేమీ రాలేదు. పల్లీల్లో ప్రొటీన్ ఉందని గుప్పిళ్లకొద్దీ తినేవాళ్లున్నారు. వంద గ్రాముల్లో పాతిక గ్రాముల ప్రొటీన్‌తో పాటు 560 పైన కేలరీలు కూడా ఉంటాయి, చూసుకోండి. పౌడర్ డబ్బా తప్పనిసరి కాదు. చేరిన మొదటి వారంలోనే డబ్బా అమ్మజూపే కోచ్‌ని కొంచెం దూరం పెట్టండి.

కండలొచ్చి బరువు పెరుగుతాననే భయం మీకేం అక్కర్లేదు. మా ఆవిడకీ మొదట ఇదే భయం, ఆమెకైతే "మగరాయుడిలా అయిపోతానేమో" అని కూడా. ఆమెకి నేను చెప్పింది మా విజయనగరం దగ్గరి కొండవెలగాడ సంగతి. ఆ ఊరిది వెయిట్‌లిఫ్టింగ్‌లో పెద్ద పేరు. అక్కడి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో, అంటే ఒంటి బరువు 53 దాటనివాళ్ల పోటీలో, పతకం తెచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తింది 69 కిలోల విభాగంలో. బరువులెత్తితే మనిషి దానంతటదే ఉబ్బిపోయేట్టయితే, చిన్నప్పట్నుంచీ రోజూ ఎత్తే వీళ్లు 53లోనో 69లోనో ఎలా నిలబడగలరు? తిండి కట్టడిలో ఉంటే తూకమూ కట్టడిలోనే ఉంటుంది. వారానికి మూడు రోజులు, చేతికి ఐదు కిలోల డంబెల్ పట్టుకునే మనకి ఆ దిగులెందుకు? మా ఆవిడ ఇప్పుడు నిండు గ్యాస్ సిలిండర్‌ని నాకోసం చూడకుండా తనే ఎత్తి స్టవ్ కిందికి చేరుస్తుంది. లోపల గ్యాసు 14.2 కిలోలు, ఇనప డొల్ల ఇంచుమించు ఇంకో అంత. ఎముకల కోసమైనా ఆడవాళ్లు బరువులెత్తాలి, నెలసరి ఆగిపోయే వయసు నుంచి ఎముక త్వరత్వరగా పలచబడుతుంది, నడకొక్కటే దాన్ని అంతగా ఆపలేదు.

ఒక్క విషయం మాత్రం ముందే తెలిసి ఉండాలి. చేరిన కొత్తలో కాటా కిలో కిలోన్నర పైకి చూపించొచ్చు. కొత్తగా పని పడ్డ కండరాలు నీరు పట్టి ఉంచుకుంటాయి, అంతే. ఇది తెలియక భయపడి మానేసినవాళ్లు మా జిమ్‌లోనే కనిపించారు.

మానేస్తే కండ కొవ్వవుతుందన్నది ఒట్టి మాట. రెండూ వేరువేరు కణజాలాలు, ఒకటి ఇంకోటిగా మారదు. మానేసినవాళ్లకి కండ తరుగుతుంది, తిండి మాత్రం వ్యాయామం రోజుల్లో ఎంత తిన్నారో అంతే తింటారు. పొట్ట వచ్చేది ఆ తిండి వల్లే.

ఏం చెయ్యాలంటారా? జిమ్‌లో ఉన్న ప్రతి మెషిన్ మీదా ఎక్కక్కర్లేదు. కూర్చుని లేచేది ఒకటి, నడుం వంచి నేల మీంచి ఎత్తేది ఒకటి, ఛాతీ దగ్గర్నుంచి ముందుకి నెట్టేది, వెనక్కి లాగేది, తల మీదికి ఎత్తేది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్, రోయింగ్, షోల్డర్ ప్రెస్ అని పేర్లు వేరే ఉన్నా మన తాలింఖానాల్లో బస్కీలు, దండీలు తీసినవాళ్లకీ, ఊళ్లో సంగిడి రాళ్లెత్తినవాళ్లకీ ఇవి కొత్తవి కావు. బీచ్ రోడ్డులో విగ్రహం ఉన్న మా వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడిగారి కాలానికి ఏసీ జిమ్‌లెక్కడివి? వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం ఇచ్చి, ఒక్కోటి రెండు మూడు సెట్లు, సెట్‌కి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఇంకో రెండు సార్లు ఎత్తగలనని అనిపించినప్పుడే దింపెయ్యాలి, వణికిపోయేదాకా వద్దు. పన్నెండు తేలిగ్గా అవుతుంటే తర్వాతి వారం రెండున్నర కిలోలు కలపాలి. అసలు కిటుకంతా ఈ కలపడంలోనే ఉంది. ఏళ్ల తరబడి అదే ఐదు కిలోల డంబెల్‌తో ఫోన్ చూసుకుంటూ గడిపేవాళ్లున్నారు, వాళ్ల ఒళ్లు కూడా అక్కడే ఆగుతుంది. పెద్ద బార్ ఖాళీగానే 20 కిలోలు ఉంటుంది, కాబట్టి మొదటి నెల డంబెల్స్‌తోనే పద్ధతి నేర్చుకోండి. మొదటి వారాల్లో బలం పెరిగినట్టనిపించేది కండ పెరిగి కాదు, ఉన్న కండని నరాలు సరిగ్గా వాడుకోవడం నేర్చుకుని. ఎత్తిన మర్నాటి కంటే ఆ తర్వాతి రోజు ఒళ్లు నొప్పులు ఎక్కువ. బాత్రూమ్‌లో కూర్చుని లేవడం కష్టమైన రోజులు నాకూ ఉన్నాయి, రెండు వారాల్లో అలవాటవుతుంది.

నడక మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ఉంది. మనం మొదటి సగమే చదివినట్టున్నాం.

నా సంగతి చెప్పాలంటే, జిమ్‌లో చేరాక తగ్గిన కిలోలు తక్కువే. నడుం తగ్గింది, చొక్కా భుజాల దగ్గర సరిపోతోంది, ఇరవయ్యారు కిలోల బియ్యం బస్తా (జీఎస్టీ పుణ్యమా అని పాతిక కిలోల బస్తాకి ఒక కిలో కలిసింది కదా) రెండో అంతస్తుకి మోసుకెళ్తే ఆయాసం రావట్లేదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 5.7కీ 6.4కీ మధ్య, అంటే షుగర్ గుమ్మం దగ్గర ఉండేది, ఇప్పుడు ఆ గీతకి కింద ఉంది. ఇందులో నడక వాటా ఎంత, అన్నం తగ్గించిన వాటా ఎంత, బరువుల వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. "షుగరొచ్చిందా" అని మాత్రం ఎవరూ అడగట్లేదు.

బీపీ ఉంటే, గుండె జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉంటే, హెర్నియా ఆపరేషన్ అయి ఉంటే డాక్టర్‌కి చూపించుకున్నాకే మొదలుపెట్టండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, ఎత్తుతూ వదలండి, దించుతూ పీల్చండి. మోకాలో నడుమో పోటు పొడిస్తే ఆ రోజుకి ఆపెయ్యండి. కండ నొప్పి వేరు, కీలు నొప్పి వేరు, నెలలోపే మీకే తేడా తెలుస్తుంది.

పొద్దున్నా సాయంత్రమా అన్నారు కదా, మీకు ఎప్పుడు మానకుండా కుదిరితే అప్పుడే. నేను పొద్దున్న నడిచి, ఆఫీసు నుంచి వస్తూ దారిలో జిమ్‌కి వెళ్తాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే మళ్లీ బయటికి కదలబుద్ధి కాదు, బట్టల సంచి బండి డిక్కీలోనే ఉంచుకుంటాను.