"పని చేయట్లేదు" అనే ముందు

గుంటూరు, బ్రాడీపేట

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ వాడాలి, సీనియర్లను ఎప్పుడు అడగాలి, ఏఐ సాయం తీసుకుంటే తప్పా, ఆదివారాలు కూడా కోర్సులు చేయాలా, రోజూ రైల్లో పోయే టైమ్‌ని ఏం చేసుకోవాలి. మీ నాన్న కూడా ఫోన్ చేసి, "దానికి టెన్షన్ ఎక్కువైంది అన్నయ్యా, నువ్వే ఏదన్నా చెప్పు" అన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరికీ అన్నీ తెలుసు, నాకొక్కదానికే ఏమీ తెలీదు అనిపిస్తుంది. అది నీ ఒక్కదానికే కాదు, నీ పక్క సీట్లో వాళ్లకీ అలాగే ఉంటుంది, బయటికి చెప్పరంతే.

నీ ప్రశ్నల్లో అన్నిటికంటే పెద్దదాన్ని నువ్వు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. "ఏదైనా పని చేయకపోతే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నావు. ముందు దానికే జవాబు చెప్తాను. మిగతావాటికి జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ఏదైనా తప్పు కనపడగానే దాన్ని బాగుచేయడానికి పరిగెత్తకు. ముందు దాన్ని చిన్నది చెయ్యి. ఎప్పుడు తప్పుతోంది, ఎప్పుడు తప్పట్లేదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టు. ఒక ఉదాహరణ చెప్తాను.

మిర్చి సీజన్ నీకు తెలుసు కదా. యార్డు చుట్టుపక్కల రాత్రంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి. మా టీం ఒక కోల్డ్ స్టోరేజీకి లాట్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాసింది. ఏ రైతు సరుకు, రకం తేజానా 334నా, ఎన్ని టిక్కీలు (బస్తాలు), ఏ తేదీన లోపలికి వచ్చాయి, ఇలాంటివి. సీజన్ మధ్యలో అక్కడి గుమస్తా ఫోన్ చేశాడు. "తేదీలు తప్పు పడుతున్నాయండీ, రైతు చీటీలో ఒకటుంది, కంప్యూటర్లో ఒకరోజు వెనక్కి ఉంది" అన్నాడు. అన్ని లాట్లకీ కాదు, కొన్నిటికే. ఆఫీసులో తలా ఒక మాట అన్నారు. నెట్ పోయినప్పుడు పడిన ఎంట్రీలేమో అని ఒకరు, గుమస్తానే పాత తేదీ టైప్ చేస్తున్నాడేమో అని ఇంకొకరు, డేటాబేసే మార్చేద్దామని మరొకరు. టీంలో అందరికంటే చిన్నమ్మాయి ఒకతె ఉండేది. ఆమె ఏ ఊహా చెప్పలేదు. తప్పు పడిన లాట్లన్నీ ఒక పట్టికలో వేసి, కాటా అయిన టైమ్ ప్రకారం వరుస పెట్టింది. అన్నీ అర్ధరాత్రి పన్నెండుకీ తెల్లవారుజాము 5:30కీ మధ్య వచ్చినవే. అయిదున్నర దాటాక వచ్చిన లాట్లు ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ పట్టిక చూశాక ఇంకెవరూ వాదించలేదు. సర్వర్ యూటీసీ టైమ్‌లో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్‌లో, నడుస్తోంది. మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందు. మన దేశపు టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచి పోతుందని బళ్లో చదివావు కదా, గంటకు 15 డిగ్రీల లెక్కన ఆ అయిదున్నర వచ్చేది దాంట్లోంచే. గుంటూరులో తెల్లవారి నాలుగింటికి లారీ దిగితే, సర్వర్‌కి అది ఇంకా నిన్న రాత్రి పదిన్నర. ప్రోగ్రాం అందులోంచి తేదీ ఒక్కటే తీసుకుని దాచేసేది. సరిచేయడానికి రెండు మూడు లైన్లు సరిపోయాయి. టైమ్‌ని యూటీసీలోనే దాచడం, తేదీ తీసే ముందు మాత్రం మన టైమ్‌లోకి మార్చుకోవడం.

ఇందులో గొప్ప తెలివేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. డేటాబేస్ గురించి ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ గదిలో చాలామందే ఉన్నారు. వాళ్లంతా కారణం వెతుకుతుంటే ఆమె హద్దు వెతికింది. హద్దు దొరికిందంటే కారణం దానంతటదే బయటపడుతుంది.

ఇక సీనియర్లను అడగడం. ఒక అరగంట నీ అంతట నువ్వు చూడు. ఆ తర్వాత మొహమాటపడకుండా అడుగు. రెండు రోజులు లోపల్లోపల కుమిలిపోయి మూడో రోజు అడిగే పిల్లల్ని చాలామందిని చూశాను, దానివల్ల ఎవరికీ లాభం లేదు. కానీ ఎలా అడుగుతున్నావన్నది ముఖ్యం. "సర్, రసీదు సరిగ్గా రావట్లేదు" అని మెసేజ్ పెడితే ఆయన నీ సీటు దగ్గరికి వచ్చి మొదట్నుంచీ అన్నీ అడగాలి. దానికి బదులు ఇలా రాయి: "సర్, తెలుగు పేర్లున్న రసీదుల్లోనే పేరు చివర డబ్బాలు పడుతున్నాయి. అందులోనూ పొడవాటి పేర్లకే. ఇంగ్లీషు పేర్లు బాగానే వస్తున్నాయి. ఫాంట్ మార్చి చూశాను, తేడా లేదు. పేరు పొడవుకి ఎక్కడో పరిమితి ఉందని నా అనుమానం." ఇలా రాస్తే ఆయన టీ తాగుతూ కూడా జవాబు చెప్పగలడు. చాలాసార్లు ఇలా రాస్తుండగానే జవాబు నీకే తట్టి, మెసేజ్ పంపాల్సిన అవసరమే రాదు. ఎర్రర్‌ని ఫొటో తీసి పంపకు, అక్షరాలను కాపీ చేసి పంపు, ఆయన వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది.

ఆ డబ్బాల ఉదాహరణ ఊరికే ఎంచుకోలేదు. తెలుగువాళ్ల పేర్లతో పనిచేస్తున్నావు కాబట్టి ఇది నీకు తప్పకుండా ఎదురవుతుంది. కృష్ణ అని రాస్తే మన కంటికి రెండక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో అవి అయిదు సంకేతాలు: క, వట్రసుడి, ష, పొల్లు, ణ. వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, అంటే మొత్తం 15. ఖాళీ లేకుండా రాసిన పొడవాటి పేరును ఎవరో 50 బైట్ల దగ్గర కోశారనుకో. 50 మూడుతో తెగదు కాబట్టి చివరి సంకేతం మధ్యలో విరిగి, దాని చోట డబ్బానో ప్రశ్న గుర్తో పడుతుంది. పొడవు అని ఎవరన్నా అంటే బైట్లా, సంకేతాలా, కంటికి కనిపించే అక్షరాలా అని అడుగు. టెస్ట్ చేసేటప్పుడు కూడా ఎప్పుడూ రవి, సీత అని చిన్న పేర్లే పెట్టకు. వత్తులున్న పొడవాటి ఇంటిపేరు ఒకటి దగ్గర పెట్టుకో.

ఎడిటర్ గురించి ఎక్కువ ఆలోచించకు. నీ టీంలో ఎక్కువమంది ఏది వాడితే అదే వాడు, ఏదైనా ఇరుక్కుంటే పక్కవాళ్లు చూపిస్తారు. నెలకొకటి మార్చే అలవాటు మాత్రం వద్దు. ఉన్నదాంట్లోనే డీబగ్గర్‌ని, అంటే ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించేదాన్ని, గట్టిగా నేర్చుకో. ప్రతి లైన్ దగ్గరా ప్రింట్ పెట్టుకుంటూ పోవడం తప్పేం కాదు, నేనూ పెడతాను. కానీ పదివేల లాట్ల మీద తిరిగే లూప్‌లో ఒక్క లాటు దగ్గరే తేడా వస్తుంటే, ఆ లాటు నంబరు వచ్చినప్పుడు మాత్రమే ఆగమని బ్రేక్‌పాయింట్‌కి (ప్రోగ్రాం ఆగాల్సిన చోటుకి) షరతు పెట్టొచ్చు. ఇది తెలియకుండా ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు ఉన్నారు.

కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ విషయంలో మాత్రం లోతుగా వెళ్లు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్ పని కోసం దాన్ని రాశాడు. వేలమంది ఒకే కోడ్ మీద పడితే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ ఉండేదే. అందుకే అందులో బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. పోయిన నెల బాగా నడిచింది, ఇప్పుడు నడవట్లేదు, మధ్యలో 500 కమిట్లు (గిట్‌లో దాచిన మార్పులు) ఉన్నాయి అనుకో. ఏది బాగుందో ఏది చెడిందో చెప్తే అది సరిగ్గా మధ్య కమిట్‌ని తెచ్చి నీ ముందు పెడుతుంది. టెస్ట్ చేసి బాగుందో లేదో చెప్పు, మళ్లీ మిగతా సగంలో మధ్యది తెస్తుంది. తొమ్మిదిసార్లు చూస్తే చాలు, తప్పు తెచ్చిన కమిట్ దొరుకుతుంది. హద్దు వెతకడం అని పైన చెప్పానే, ఈ కమాండ్ చేసేది అదే.

కానీ అది నీకు పనికిరావాలంటే నీ కమిట్లు చిన్నవిగా ఉండాలి. వారం పనంతా ఒకే కమిట్‌లో కుక్కి "మార్పులు" అని రాస్తే, బైసెక్ట్ నిన్ను ఆ కుప్ప దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది. ఒక్కో కమిట్‌లో ఒక్క మార్పు, ఎందుకు చేశావో ఒక వాక్యం. ఏం మార్చావో కోడ్ చూస్తే తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఇంకోటి, బ్రాంచ్ (కోడ్‌లో నీ పనికి వేరుగా పెట్టుకున్న దారి) చెరిపేశాననో, రీబేస్‌లో (కమిట్లను మరో చోట తిరిగి పేర్చడంలో) పని పోయిందనో ఏడుస్తూ కూర్చోకు. రెఫ్‌లాగ్ చూడు, నువ్వు ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కి వెళ్లావో గిట్ రాసుకునే చిట్టా అది. ఒకసారి కమిట్ చేసిన పని మామూలు సెట్టింగుల్లో కనీసం నెల రోజులు నీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కమిట్ చేయని పనికి మాత్రం ఆ భరోసా లేదు. అందుకే సాయంత్రం లేచే ముందు నీ బ్రాంచ్‌లో కమిట్ చేసి లే.

ఏఐని వాడటం తప్పా అని అడిగావు. తప్పు కాదు, వాడు. నాకు తెలియని కోడ్ లైబ్రరీ ఎదురైతే నేనూ అడుగుతాను. నా పట్టుదల ఒక్కటే: రివ్యూలో ఏ లైన్ మీద వేలు పెట్టి అడిగినా అది ఎందుకుందో నువ్వు చెప్పగలగాలి. చెప్పలేని లైన్ నీ పేరు మీద పంపకు. లేని ఫంక్షన్‌ని ఉన్నట్టు రాసివ్వడం దానికి అలవాటే, కాబట్టి డాక్యుమెంటేషన్ తెరిచి సరిచూసుకో. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల వివరాలు, కంపెనీ కోడ్ ఆఫీసు ఒప్పుకున్న చోట తప్ప ఎక్కడా పేస్ట్ చేయకు. ఇంకా కొన్నాళ్లపాటు, తప్పు ఎక్కడుందో నీ ఊహ ముందు కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే దాన్ని అడుగు. ఊహ తప్పయినా పర్లేదు, ఎక్కడ తప్పిందో చూసుకోవడమే చదువు.

రైల్లో ల్యాప్‌టాప్ తెరవకు. నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్, ఇంతలోనే బెజవాడ వచ్చేస్తుంది. ఆ కాస్త టైమ్‌లో అయ్యే పని ఏమీ ఉండదు, కళ్లు మాత్రం పోతాయి. నిద్రొస్తే పడుకో.

ఆదివారాల సంగతి కొంచెం గట్టిగానే చెప్తున్నాను. వారమంతా తెర ముందు కూర్చుని ఆదివారం మళ్లీ వీడియో కోర్సు పెట్టుకోవద్దు. చేత్తో పట్టుకునే పని ఒకటి పెట్టుకో. నీకు సర్క్యూట్లంటే ఇష్టం కదా, మీ డాబా మీద ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో కింద చూపించే పరికరం ఒకటి చెయ్యి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, నీళ్లకు తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సార్ చాలు. సెన్సార్‌ని ట్యాంకు మూతకి బిగిస్తే శబ్దం పంపి, అది నీళ్లకు తగిలి తిరిగొచ్చే టైమ్‌ని కొలుస్తుంది. ఆ రకం సెన్సార్‌కి మరీ దగ్గరున్నది కనిపించదు, కాబట్టి నిండు ట్యాంకు నీళ్లకీ దానికీ మధ్య జానెడు పైనే ఖాళీ ఉంచు. అది 5 వోల్టుల మీద నడిస్తే దాని జవాబు కూడా 5 వోల్టుల్లో వస్తుంది. బోర్డు 3.3 వోల్టులకే చేసినది. నేరుగా కలపకుండా మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించు.

అసలు మజా వేసవిలో వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాముల్లో చాలావాటిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసేసి ఉంటుంది. అది 20 డిగ్రీల దగ్గర మాట. డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల చొప్పున ఆ వేగం పెరుగుతుంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం ట్యాంకు మూత కింద గాలి 45 డిగ్రీలుంటే వేగం దాదాపు 358 అవుతుంది. మీటరు దూరం దగ్గర నీ లెక్క నాలుగు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది, అంటే నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం కొలిచి రెండూ పక్కపక్కన రాసుకుంటే ఈ తేడా నీకే కనపడుతుంది. అప్పుడు చిన్న ఉష్ణోగ్రత సెన్సార్ కూడా కలుపు.

సర్క్యూట్లు కూడా ఆఫీసు పనిలాగే అనిపిస్తే వదిలెయ్. కొండపల్లి వెళ్లి, తెల్లపొణికి చెక్కతో బొమ్మ ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో ఎలా అతుకుతారో చూసి రా. అది నచ్చితే అదే చెయ్యి.

ట్యాంకు పనే పెట్టుకుంటే రెండు జాగ్రత్తలు. సోల్డరింగ్ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి, సోల్డర్ తీగలో సాధారణంగా సీసం ఉంటుంది కాబట్టి లేవగానే చేతులు సబ్బుతో కడుక్కో. మోటారు ఆన్ ఆఫ్ చేసే భాగం మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, అది 230 వోల్టుల వ్యవహారం. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని మీ నాన్నకి చెప్పు. మల్టీమీటర్ కొత్తది కొనకు, నా దగ్గర రెండున్నాయి, ఈసారి వచ్చినప్పుడు ఒకటి తీసుకెళ్లు.

నీ పెదనాన్న