ఫ్లాప్ పేషెంట్ దగ్గర రాత్రి డ్యూటీ

చెల్లాయికి,

హెడ్ అండ్ నెక్ ఐసీయూలో నైట్ డ్యూటీ పడిందని, ఫ్లాప్ పేషెంట్ అంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ మాత్రం టెన్షన్ మంచిదే. క్యాన్సర్ ఉన్న దవడ తీసేసిన చోట కాలి ఎముకో, తొడ చర్మమో తెచ్చి పెట్టి (ఆ ముక్కే ఫ్లాప్), రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మెడలోని నాళాలకు కుట్టి సర్జన్లు వెళ్లిపోతారు. అక్కడ రక్తం గడ్డకడితే ముందు తెలియాల్సింది నీకే. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే. మొదటి 24 గంటలు గంటకోసారి చూడమనేది అందుకే. పేషెంట్‌కి గొంతులో ట్యూబు ఉంటుంది, మాట్లాడలేడు. అన్నిసార్లు ఎందుకు లేపుతున్నావో ముందే చెప్పు, రాయడానికి పెన్ను, కాగితం ఇవ్వు.

నోటి లోపలి ఫ్లాప్‌కి వేడి చూసి లాభం లేదు, నోరు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ముందు లాలాజలం సక్షన్ చేసి, మెల్లగా తుడిచి, అప్పుడు టార్చ్ వెయ్యి. ప్రతిసారీ అదే టార్చ్. తొడ చర్మం బుగ్గ రంగులో ఉండదు, కాబట్టి తొడతోనే పోల్చు. డ్యూటీ మారేటప్పుడు చార్టులో ‘ఫ్లాప్ ఓకే’ అని చూసి ఊరుకోకు. దిగిపోయే సిస్టర్‌ని మంచం దగ్గరికి పిలిచి ఇద్దరూ కలిసి చూడండి.

రక్తం లోపలికి రాకపోతే ఫ్లాప్ పాలిపోతుంది, నొక్కి వదిలితే రంగు త్వరగా తిరిగిరాదు. దాన్ని ఎవరైనా పట్టేస్తారు. బోల్తా కొట్టించేది సిర మూసుకుపోవడం, ఎక్కువగా వచ్చేదీ అదే. మొదట్లో ఫ్లాప్ మరింత ఎర్రగా, నిండుగా కనిపిస్తుంది. మామూలుగా రెండు మూడు సెకన్లలో వచ్చే రంగు సెకనులోపే వచ్చేస్తుంది. కొత్తవాళ్లు ‘బాగుంది’ అని రాసేస్తారు. డాప్లర్‌లో (నాళంలో రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) ధమని చప్పుడు కూడా ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని నమ్ముకుని కూర్చోకు. కాసేపటికి ఫ్లాప్ బిగిసి, నేరేడుపండు రంగుకి తిరిగి, అంచుల నుంచి నల్లటి రక్తం కారుతుంది. అంతవరకూ రానివ్వకూడదు. డాప్లర్‌ని సర్జన్ గుర్తుగా వేసిన కుట్టు దగ్గరే పెట్టు. పక్కకి జరిగితే మెడలోని వేరే నాళం వినిపించి మోసపోతావు.

మెడనీ చూస్తూ ఉండు. ట్యూబు టేపు మెడ చుట్టూ బిగించి ఉంటే వెంటనే డాక్టర్‌ని పిలిచి మార్పించు, ఆ ట్యూబుని చర్మానికి కుట్టి ఉంచాలి. డ్రెయిన్ (గాయంలో చేరే రక్తాన్ని బయటికి తీసే గొట్టం) ఉన్నట్టుండి ఆగి మెడ ఉబ్బిందంటే లోపల చేరిన రక్తం సిరను నొక్కుతోందేమోనని అనుమానించు. బీపీ, యూరిన్ పడిపోకూడదు, పేషెంట్‌కి చలి వెయ్యకూడదు.

అనుమానం వస్తే అరగంట ఆగి చూద్దాంలే అనుకోకు. గంటలు గడిచేకొద్దీ లోపలి సన్ననాళాలు మూసుకుపోతాయి, తర్వాత పెద్ద నాళం తెరిచినా రక్తం పారదు. రాత్రి రెండయినా డ్యూటీ డాక్టర్‌కి, ఆయన ఎత్తకపోతే నేరుగా సర్జన్‌కి ఫోన్ చెయ్యి. విసుక్కుంటే విసుక్కోనీ. ‘ఎందుకో బాగోలేదు సార్’ అనకు. ‘ఒంటిగంటకి గులాబీ రంగు, రెండు సెకన్లు. ఇప్పుడు ఊదా, సెకనులోపే, మెడ ఉబ్బింది’ అని చెప్పు. ముక్కుగొట్టం ఫీడ్ ఆపాలా అని కూడా ఆ ఫోన్‌లోనే అడుగు, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావచ్చు.

ఆశీస్సులతో,
అక్క