నలభై అయిదు దాటాక విశాఖ ఉక్కపోతలో అలంకరణను ఎలా మార్చుకోవాలి?

వయసును దాచడానికి కాకుండా, మారిన చర్మానికీ జుట్టుకూ ఏది నప్పుతుందో చూసుకుని మార్చుకోండి. ముట్లుడిగిన తొలి 5 సంవత్సరాలలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీను సుమారు 30 శాతం తగ్గుతుంది కనుక, ఒకప్పుడు ముఖంలో కలిసిపోయిన పౌడరు ఇప్పుడు కళ్ల కింది ముడతల్లో పేరుకుంటుంది. దానికి బదులు పలుచగా మాయిశ్చరైజరు, దానిపై ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చాలు, అయితే ఎండవేళ బీచ్ రోడ్డులో తిరిగేవారు చెమటకు అది కారిపోతుంది కనుక రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. తెల్లజుట్టుకు రంగు వేయడం, మానడం పూర్తిగా మీ ఇష్టం. వేసేట్లయితే, నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు కనుక, 48 గంటల ముందే మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడడం తప్పనిసరి. ఒంట్లో ఆవిర్లు కూడా తోడయ్యే ఈ వయసులో సింథటిక్ చీరలు పక్కన పెట్టమనే చెబుతాను. ముదురు అంచున్న పొందూరు ఖద్దరు నెరిసిన జుట్టుకు ఎంతో నిండుగా ఉంటుంది.