ఫ్రాంకెన్‌స్టైన్ హారర్ నవలే, మరి కాల్పనిక (రొమాంటిక్) సాహిత్యంలో ఎందుకు చెబుతారు?

"శవాల ముక్కలతో మనిషిని తయారుచేసే కథను వర్డ్స్‌వర్త్ కవితల పక్కన సిలబస్‌లో ఎందుకు పెట్టారు?" అని ఒకరు అడిగారు. డిగ్రీ పిల్లలకు ఈ నవల చెప్తుంటాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

గైడ్లలో దొరికే జవాబు మీకు తెలిసిందే: ప్రకృతి వర్ణన, ఒంటరి మేధావి, ఊహాశక్తి. మార్కులకు అది చాలు. కానీ నవల రాసిన మేరీ షెల్లీ ఈ భావాలన్నీ తీసుకుని, వాటితోనే పేచీ పెట్టుకుంది. నాకు నచ్చేది ఆ పేచీ.

కథానాయకుడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో తన ప్రయోగంలో మునిగి ఉన్న ఏడాది బయట పంటలు విరగపండాయి, ద్రాక్ష విపరీతంగా కాసింది. అతను తలెత్తి చూడలేదు. తీరా తమ్ముడు విలియం హత్యకు గురై, ఆ నేరం మోపి ఏ పాపం ఎరగని ఇంటి పనిమనిషి జస్టిన్‌ను ఉరితీశాక, ఊరట కోసం ఆల్ప్స్ కొండలెక్కాడు. మోంట్ బ్లాంక్‌ను చూసి మనసు కాస్త తేలికపడిందో లేదో, మంచు మీద ఎదురుగా వచ్చింది తను సృష్టించి వదిలేసినవాడే! వర్డ్స్‌వర్త్ 'టింటర్న్ అబ్బే' కవిత పంక్తులు కూడా నవలలో ఉన్నాయి, కానీ విక్టర్ గురించి కాదు, స్నేహితుడు క్లెర్వల్ గురించి. ప్రకృతిని మనసారా ప్రేమించిన ఆ క్లెర్వల్ కూడా హత్యకు గురవుతాడు.

అసలు ఈ నవలలో కాల్పనిక కవి లాంటివాడు ఎవరంటే నేను ఆ వికృతరూపినే చూపిస్తాను. వెన్నెల చూసి మురిసిపోతాడు, పక్షుల కూతను అనుకరించబోతాడు. డి లేసీ అనే పేద కుటుంబం పక్కన దాక్కుని భాష నేర్చుకుంటాడు, మిల్టన్ కావ్యం పారడైజ్ లాస్ట్, గోథే నవల వెర్థర్ చదువుతాడు. పుట్టుకతో తను మంచివాడినేనని, దుఃఖమే తనను రాక్షసుణ్ణి చేసిందని విక్టర్‌తో వాదిస్తాడు. మనిషి పుట్టుకతో మంచివాడే, సమాజమే చెడగొడుతుందన్న రూసో ఆలోచన నీడ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ భాగం చెప్పేటప్పుడు ఒకమ్మాయి "వాడికి పేరైనా పెట్టలేదు కదా మేడమ్" అంది. నేను నోట్స్ ఇచ్చినా అంత బాగా చెప్పలేను.

ఇక ఉపశీర్షిక, 'ఆధునిక ప్రొమిథియస్'. ప్రొమిథియస్ అంటే గ్రీకు పురాణాల్లో దేవుళ్ల దగ్గర నిప్పు దొంగిలించి మనుషులకిచ్చినవాడు. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున మేరీ ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 18. ఆ ఏడాదే కవి బైరన్ ప్రొమిథియస్ మీద కవిత రాశాడు, 1820లో ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ అదే పాత్రతో నాటకం అచ్చువేశాడు. దేవుళ్లను ఎదిరించిన ప్రొమిథియస్ వాళ్లిద్దరికీ వీరుడు. మేరీ మాత్రం నిప్పు దొంగిలించడం దగ్గర ఆగలేదు, పుట్టించినవాడి బాధ్యత ఏమైందని అడిగింది. ఈ కథ మొదలుపెట్టడానికి ముందు ఏడాదే, 1815లో, ఆమె పసిబిడ్డను పోగొట్టుకుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది.

పుస్తకం కొనేముందు ఎడిషన్ చూసుకోండి. 1818 ప్రతిలో విక్టర్ తన నిర్ణయాలతోనే చెడిపోయినట్టు ఉంటుంది, 1831లో మేరీ సవరించిన ప్రతిలో విధి ప్రస్తావన పెరిగింది. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ మొదటి ప్రతిలో అతని మేనత్త కూతురు (మన వరసలో మరదలే!), రెండోదాంట్లో పెంచుకున్న అనాథ. మీ సిలబస్‌లో ఏ ప్రతి ఉందో లెక్చరర్‌ని అడిగి, కోట్స్ దాంట్లోంచే రాయండి.