ఆంజెలీనాకు వెళ్లేముందు

చిరంజీవి సౌభాగ్యవతి సాహితికి, నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

డిసెంబరులో మీ అమ్మను వెంటబెట్టుకొని మీ దంపతులిద్దరూ పారిస్ వెళుతున్నారని, అక్కడి ఆంజెలీనా అనే పాత మిఠాయి దుకాణంలో కూర్చుని హాట్ చాక్లెట్ తాగాలని నీకు ఎప్పటినుంచో కోరికగా ఉందని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో నాలుగు చలికాలాలు ఆ ఊళ్లో గడిపాను కనుక, నాకు అనుభవంలోకి వచ్చినవి నీకు చెప్పాలనిపించింది.

ముందుగా చెప్పవలసింది, అక్కడి చాక్లెట్‌ను తిరిగి తిరిగి అలసిపోయాక తాగే టీలాగా అనుకోవద్దు, ఆ పూట ఫలహారం అదేనని లెక్కపెట్టుకోండి. మొదటిసారి నేను హోటల్లో కడుపునిండా తిని వెళ్లి, మనిషికొక చాక్లెట్, మనిషికొక కేకు చెప్పాను. సగం కూడా తినలేక, మరునాడు ఉదయం దాకా ఆకలి లేక, అంత మంచి వస్తువును వృథా చేశానని బాధపడ్డాను. మీ ముగ్గురికీ రెండు చాక్లెట్లు, ఒక కేకు సరిపోతాయి.

ఆ చాక్లెట్ పేరు లాఫ్రికాఁ. ఆఫ్రికా దేశాల కోకోతో చేస్తారు కనుక ఆ పేరు వచ్చింది. చిన్న కూజాలో చాక్లెట్, పక్కనే గిన్నెలో గిలక్కొట్టిన మీగడ, ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చిపెడతారు. కూజా వంచితే పాలలాగా జారదు, చిక్కగా కాచిన రాగిజావలాగా మెల్లగా, మడతలు పడుతూ కప్పులోకి దిగుతుంది. మీగడ అంతా ఒక్కసారే వేసేస్తే చాక్లెట్ చల్లారిపోతుంది. ముందు అరకప్పు పోసుకొని, మీగడ లేకుండా ఒక గుక్క రుచి చూసి, ఆ తరువాత ఒక్కొక్క చెంచా మీగడ వేసుకుంటూ తాగు. వేడి చాక్లెట్ కింద, చల్లని మీగడ పైన ఉండగా నోటికి తగిలే ఆ క్షణం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్లేదాన్ని. మధ్యమధ్య నీళ్లు తాగితే తీపి వెగటు వేయదు.

కేకుల్లో అక్కడ పేరుపడింది మోఁ బ్లాఁ. ఆల్ప్స్ పర్వతశిఖరం పేరే దానికి పెట్టారు. అడుగున కరకరలాడే మెరాంగ్, దాని మీద మీగడ, ఆ పైన చెస్ట్‌నట్ అనే గింజల గుజ్జును సన్న కారప్పూసలాగా దారాలు దారాలుగా వత్తి కప్పుతారు. చెస్ట్‌నట్ రుచి మనకు కొత్తదే అయినా, ఉడికించిన చిలగడదుంపను బెల్లంతో మెదిపితే వచ్చే రుచికి దగ్గరగా ఉంటుంది.

మీ అమ్మ గుడ్డు ముట్టదు కనుక ఈ సంగతి జాగ్రత్తగా చదువు. మెరాంగ్ అంటే కోడిగుడ్డు తెల్లసొనను చక్కెరతో గిలక్కొట్టి కాల్చినది. క్రువాసాఁ అనే పొరల రొట్టె మీద నిగనిగ కోసం సాధారణంగా గుడ్డు సొన పూస్తారు, మూస్ అనే నురగలాంటి మిఠాయి రకాల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ కలిసే అవకాశం ఉంది. అందువల్ల వదినకు చాక్లెట్, మీగడ ఇప్పించు. ఇంకేదైనా పెట్టాలనుకుంటే, గుడ్డు, జెలటిన్ ఉన్నాయా అని విడివిడిగా అడిగి తెలుసుకో. శాకాహారం అన్న ఒక్క మాటతో అక్కడ గుడ్డు మినహాయింపు కాదు.

అసలు దుకాణం రివోలీ వీధిలో 226వ నంబరు, ట్యూలరీ తోటకు ఎదురుగా ఉంటుంది. ఆస్ట్రియాకు చెందిన మిఠాయి తయారీదారు ఆంత్వాన్ రుంపెల్మాయర్ 1903లో దాన్ని ప్రారంభించాడు. కోడలి పేరే దుకాణానికి వచ్చింది. అద్దాలు, గోడల మీది చిత్రాలు, బంగారు పూతలు చూడాలంటే అక్కడికే వెళ్లాలి. మధ్యాహ్నం మూడు దాటాక, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, వరుస చాలా పొడుగు ఉంటుంది. వారం మధ్యలో తలుపులు తెరిచే వేళకు వెళ్లండి. వరుస కమానుల కిందుగా సాగుతుంది కనుక వాన పడినా తడవరు గానీ, చలిలో మీ అమ్మ మోకాళ్లు పట్టేస్తాయి. నిలబడ్డప్పుడు సంచి ముందుకు పెట్టుకో. ఆ చుట్టుపక్కల జేబుదొంగలు ఎక్కువ.

లోపలికి అడుగుపెట్టగానే వడ్డించేవారికి బోఁజూర్ చెప్పడం మరచిపోవద్దు. పలకరింపు లేకుండా అడగడాన్ని అక్కడివారు నిజంగానే అమర్యాదగా భావిస్తారు. సర్వీసు ఛార్జీ ధరలోనే కలిసి ఉంటుంది కనుక టిప్పు ఇవ్వాలన్న బలవంతం లేదు. మంచిగా చూసుకుంటే నాలుగు నాణేలు ఉంచి రావచ్చు. నీళ్లు ఇంకా కావాలంటే కరాఫ్ దో అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, సీసా కొననక్కరలేదు.

అక్కడినుంచి లేచాక తోటలోకి దాటి, పడమటి చివరనున్న ఆరంజరీ మ్యూజియం దాకా మెల్లగా నడవండి. మోనే చిత్రించిన కలువల చిత్రాలు రెండు అండాకారపు గదుల గోడల నిండా ఉంటాయి, మధ్యలో కూర్చోవడానికి బల్లలూ ఉన్నాయి. మంగళవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు ఆరంజరీ, లూవ్ర్ మ్యూజియాలు రెండూ మూసి ఉంటాయి.

చెస్ట్‌నట్ గుజ్జు సీసా ఒకటి నాకు తెస్తానన్నావు, సంతోషం. దాన్ని చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. చీరల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో వేయమని వదినకు చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య