ఎన్నికలతో విసిగిపోయాను, విశ్వాసం ఏమైనా సాయపడుతుందా?

వందనాలు. మీరు రెండు బాధలు రాశారు. ఎవరు గెలిచినా ఏమీ మారట్లేదు, ఓటు వేయాలనే అనిపించట్లేదు అన్నది ఒకటి. ఆ మాట సంఘంలో చెప్పుకుంటే, "దేవుడు సింహాసనం మీద ఉన్నాడు కదా, నీకెందుకు దిగులు" అని కొట్టిపారేస్తున్నారన్నది రెండోది. నాకు రెండూ తెలిసినవే. ముందు ఆ రెండోదాని సంగతి చెప్తాను.

వాళ్లన్నది అబద్ధం కాదు. కాకపోతే ఎదుటివాళ్లు గోడు వెళ్లబోసుకోకముందే ఆ మాట అనేస్తే, అది ఓదార్పు కాదు, నోరు మూయించడమే. బైబిల్లో అంత తొందర కనబడదు. హబక్కూకు ప్రవక్త నోరు తెరవడమే "ఎంతకాలం మొరపెట్టాలి, నువ్వు వినవేం?" అని. ఆయన ఫిర్యాదు ఏమిటో చూడండి: ధర్మశాస్త్రానికి విలువ లేకుండా పోయింది, న్యాయం జరగట్లేదు, మంచివాళ్లని చెడ్డవాళ్లు చుట్టుముట్టారు. మీ ప్రశ్నలో ఉన్నవి దాదాపు ఇవే. నీకు విశ్వాసం చాలదని దేవుడు ఆయన్ని కసరలేదు, జవాబిచ్చాడు. కాబట్టి మీ విసుగుని విసుగులాగే ప్రార్థనలో పెట్టండి, దానికి భక్తి రంగు పూయక్కర్లేదు.

నా విషయానికొస్తే, నన్ను పిండేసింది పోలింగ్ రోజు కాదు, దానికి ముందు నెలలు. రాత్రి పడుకునే ముందు ఒక సర్వే చూడటం, అది నచ్చకపోతే నచ్చేది దొరికేదాకా ఇంకోటి వెతకడం, ఆ కింద కామెంట్లలో ముక్కూమొహం తెలియనివాళ్లు తిట్టుకోవడం చదవడం. పొద్దున మోకరిస్తే కళ్లు మూసుకున్నా అవే హెడ్‌లైన్లు. తీరా నేను కోరుకున్నవాళ్లు ఓడిపోయారు. ఆ రోజుల్లో నాకు ఆసరాగా నిలిచింది బైబిల్లోని యేలీయా ప్రవక్త కథ. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలపై అంత గెలుపు చూసినవాడు, యెజెబెలు రాణి ఒక్క బెదిరింపు పంపేసరికి అరణ్యంలోకి పారిపోయి, బదరీచెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత ఆయనకి ఉపదేశం మొదలుపెట్టలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ నిద్రపోతే పోనిచ్చాడు. లేపి మళ్లీ తినిపించాడు. అలసిన మనిషికి ముందు కావలసినవి అవే. నేను చేసిన మొదటి పని కూడా అంతే. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. పెద్ద ఆత్మీయ రహస్యమేమీ కాదు గానీ, పనిచేసింది.

ఆ కథలో చాలామంది దాటేసే సంగతి ఇంకొకటుంది. "నేనొక్కణ్ణే మిగిలాను" అన్న యేలీయాకి, బయలుకు మోకరించనివాళ్లు ఏడు వేలమంది ఉన్నారని దేవుడు చెప్పడం అందరికీ గుర్తుంటుంది. దానికి ముందే ఆయనకి అప్పగించినవాటిలో రెండు అచ్చమైన రాజకీయపు పనులు: సిరియాకి హజాయేలుని, ఇశ్రాయేలుకి యెహూని రాజులుగా అభిషేకించు అని. అంటే "రాజకీయాల జోలికి పోకు, ప్రార్థన చేసుకో" అనలేదు, మళ్లీ ఆ రొంపిలోకే పంపాడు. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ రాజులయ్యేనాటికి యేలీయా లేడు. ఆ పనులు ఆయన తర్వాతి ప్రవక్త ఎలీషా కాలంలో జరిగాయి. మన కళ్లముందు ఫలితం రాకపోతే పని వృథా అనుకునేవాళ్లకి (నేనూ ఆ బాపతే) ఇది మింగుడుపడటం కష్టం.

నాకు విశ్వాసం చేసిన మేలు ఏమిటని అడిగితే, రాజకీయాల మీద ఆశ పెంచలేదు. వాటి సైజు తగ్గించింది. లూకా సువార్త మూడో అధ్యాయం మొదట్లో అప్పట్లో అధికారంలో ఉన్న పెద్దవాళ్ల పేర్ల వరస ఉంటుంది: తిబెరి కైసరు, పిలాతు, హేరోదు, ఫిలిప్పు, లుసానియ, ప్రధాన యాజకులు అన్న, కయప. ఈ ఏడుగురినీ చెప్పి, దేవుని వాక్యం అరణ్యంలో ఉన్న బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చింది అంటాడు లూకా. పేర్లు చెప్పకుండా దాటెయ్యలేదు, ఎందుకంటే జనం బతుకులు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. కానీ అసలు కబురు వాళ్ల దగ్గర లేదు. అలాగని ఆ యోహాను మూల కూర్చోలేదు, ఆ వరసలోని హేరోదునే తప్పుపట్టి తల పోగొట్టుకున్నాడు. విశ్వాసం ఉంటే నష్టం రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఫలితాలు వచ్చిన వారం మా ప్రార్థన కూటంలో గది రెండుగా చీలిపోయినట్టే ఉంది. ఒకవైపు గెలుపు స్తోత్రాలు, ఇంకోవైపు బిగుసుకున్న మొహాలు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమన్నాడు కాబట్టి ఆ అంశం తప్పలేదు. ఓడినవాళ్ల కోసం ఎండనపడి తిరిగిన ఒక పెద్దావిడ లేచింది. గెలిచినాయన పేరు పెట్టి, "ప్రభువా, ఈయనకి రాత్రి నిద్రపట్టనియ్యి. చుట్టూ ఉన్న భజనపరుల్లో నిజం చెప్పేవాణ్ణి ఒక్కణ్ణయినా ఉంచు. ఈయన తప్పు చేస్తే అది దాగనియ్యకు" అంది. మూడో మాటకి గెలుపువైపు వాళ్లు ఇద్దరు ముగ్గురు కళ్లు తెరిచి చూశారు. ఆవిడ మాత్రం ఆమేన్ చెప్పి కూర్చుంది. అప్పటినుంచి నేను అవే మూడు అడుగుతున్నాను, అధికారంలో ఎవరున్నా. మనకి నచ్చనివాళ్ల కోసం ఇలా అడగడం మొదట్లో గొంతుకి అడ్డం పడుతుంది. మనకి నచ్చినవాళ్ల కోసం మూడోది అడగడం ఇంకా కష్టం.

అలసట గురించే కాబట్టి, ఒక చరిత్ర సంగతి. బ్రిటన్‌లో బానిస వ్యాపారం మీద పోరాడుతున్న పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కి, 1791 ఫిబ్రవరిలో, తాను చనిపోవడానికి కొద్దిరోజుల ముందు మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ ఒక ఉత్తరం రాశాడు. దేవుడే నిన్ను ఈ పనికి లేవనెత్తి ఉండకపోతే మనుషుల వ్యతిరేకతకే నువ్వు అరిగిపోతావు అన్నది అందులో సారాంశం. రెండు నెలలు తిరక్కుండానే ఆ వ్యాపారాన్ని ఆపాలన్న ప్రతిపాదన పార్లమెంటులో 88 కి 163 ఓట్లతో ఓడిపోయింది. చట్టం అయ్యింది 1807లో. అది కూడా వ్యాపారం మీదే, బానిసత్వాన్ని రద్దుచేసే చట్టానికి 1833 దాకా ఆగాలి. ఆ రద్దు బిల్లు పార్లమెంటులోని కామన్స్ సభలో గట్టెక్కిన మూడు రోజులకి విల్బర్‌ఫోర్స్ కన్నుమూశాడు. ప్రతి ఓటమికీ దేవుడు లేడనుకునే మనిషైతే ఎప్పుడో ఇంటికెళ్లిపోయేవాడు.

ఇక ఓటు సంగతి. వేయండి. అదే వెస్లీ 1774లో ఎన్నికల ముందు తన వాళ్లకి మూడు మాటలు చెప్పినట్టు డైరీలో రాసుకున్నాడు: డబ్బూ ప్రతిఫలమూ తీసుకోకుండా, అందరికంటే యోగ్యుడనిపించినవాడికి ఓటెయ్యండి, అవతలి అభ్యర్థి గురించి చెడు మాట్లాడకండి, అవతలివైపు ఓటేసినవాళ్ల మీద మనసు కరుకు చేసుకోకండి. మొదటిది అరగంటలో అయిపోతుంది. మిగతా రెండూ ఐదేళ్లూ చేయాల్సినవి, మీ విసుగు కూడా ఎక్కువగా అక్కడినుంచే వస్తోందని మీ ప్రశ్న చూస్తే అనిపించింది. సుంకరి మత్తయి రోమా ప్రభుత్వపు ఏర్పాటులో పన్ను వసూలు చేసినవాడు, సీమోనుకి జెలోతే అని పేరు, రోమా పాలనని ఎదిరించే యూదుల్ని అలా అనేవారు. ఆ ఇద్దర్నీ యేసు ఒకే పన్నెండుమందిలో పెట్టాడు. వాళ్ల మధ్య ఏం మాటలు నడిచాయో సువార్తల్లో లేదు, నాకైతే వినాలని ఉంటుంది.

మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పార్టీ పోస్టులు వస్తున్నాయన్నారు. అక్కడ జవాబు రాయకండి, రాస్తే ఇంకో వంద వస్తాయి. పాస్టరు గారిని ఒక్కరే కలిసి, ప్రార్థన అంశాలకి వేరే గ్రూపు పెట్టమని అడగండి. మా దగ్గర అలా అడిగితే వారంలోనే పెట్టారు.