మాంట్సెరాట్ ఓటు

అమ్మాయీ,

నీ వ్యాసం మొన్న ఆదివారం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "ఇన్నాళ్లూ మ్యాచ్‌లే చూశాను, ఇప్పుడు ఆ మ్యాచ్‌లు నడిపే ఆఫీసు గురించి రాయాలనిపిస్తోంది" అని ఉత్తరంలో రాశావు చూడు, ఆ మాట చదివి చాలా సంతోషపడ్డాను. గోల్ గురించి రాసేవాళ్లు మనకు చాలామందే ఉన్నారు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఏ దేశంలో జరగాలి, ఎన్ని జట్లు ఆడాలి, వచ్చిన డబ్బు ఎవరికి పోవాలి అన్నది ఎవరు తేలుస్తారో రాసేవాళ్లే తక్కువ. అందుకే నాలుగు వాక్యాలతో సరిపెట్టకుండా కాస్త వివరంగా రాస్తున్నాను.

నీ మొదటి వాక్యం, "ఫిఫా ఒక అవినీతి పుట్ట." దాన్ని కొట్టేశాను. అందులో ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా పేరు తీసేసి ఇంకే సంస్థ పేరు పెట్టినా వాక్యం అలాగే నిలబడుతుంది. చదివేవాడు "అవును, తెలిసిందేగా" అని తల ఊపి పేజీ తిప్పేస్తాడు.

నీ వ్యాసంలో నన్ను ఆపిన చోటు మూడో పేజీ. కరీబియన్ సముద్రంలో సుమారు అయిదు వేల మంది ఉండే మాంట్సెరాట్ దీవికీ, అయిదుసార్లు వరల్డ్ కప్ గెలిచిన బ్రెజిల్‌కూ ఫిఫా మహాసభలో, అంటే కాంగ్రెస్‌లో, ఒక్కొక్క ఓటే అని రాశావు. రాసి వెంటనే స్పాన్సర్ల సంగతికి వెళ్లిపోయావు. ఎందుకంత తొందర? అక్కడే కూర్చోవాలి. ఫిఫాలో 211 సభ్య సమాఖ్యలున్నాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది అవే, నియమావళి మార్చేది అవే. అధ్యక్షుడు కావాలనుకున్నవాడు బ్రెజిల్, జర్మనీ, ఇంగ్లండ్ మనసు గెలవనక్కర్లేదు. చిన్న సమాఖ్యలు వంద కలిసొస్తే దాదాపు పని అయిపోయినట్టే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే గత యాభై ఏళ్ల ఫిఫా చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. "చిన్న దేశాలకు ఓటుండటమే తప్పు" అనే దగ్గరికి నీ కలం జారిపోవచ్చు. యూరప్ పత్రికల్లో ఆ ధోరణి చాలాకాలంగా ఉంది. 1966 వరల్డ్ కప్ సంగతి చూడు. మొత్తం 16 జట్లు. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడింటికీ కలిపి కేటాయించింది ఒక్కటే స్థానం. ఆఫ్రికా దేశాలు నిరసనగా క్వాలిఫయింగ్ పోటీల నుంచే తప్పుకున్నాయి. అప్పటి అధ్యక్షుడు ఇంగ్లండ్‌కు చెందిన స్టాన్లీ రౌస్. వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికా విషయంలో ఆయన మెతకగా ఉన్నాడన్న కోపం కూడా ఆఫ్రికాలో బాగా ఉండేది. 1974లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్నిక జరిగింది. బ్రెజిల్‌కు చెందిన జోవా హావెలాంజ్ దేశదేశాలూ తిరిగి, మీకు వరల్డ్ కప్‌లో స్థానాలు పెంచుతాను, కోచ్‌లను పంపుతాను, కుర్రాళ్లకు టోర్నమెంట్ పెడతాను అని చెప్పి 68-52 తేడాతో గెలిచాడు. చెప్పినవి చేశాడు కూడా. 1977లో ట్యునీషియాలో యూత్ టోర్నమెంట్ మొదలైంది. 1982 నుంచి వరల్డ్ కప్ 24 జట్లదైంది. డబ్బు కోకాకోలా, అడిడాస్ లాంటి కంపెనీల నుంచి, టీవీ హక్కుల నుంచి వచ్చింది.

ఇక అదే మనిషి కథలో రెండో సగం. వరల్డ్ కప్ హక్కులు అమ్మిపెట్టే ఐఎస్ఎల్ అనే స్విస్ కంపెనీ ఉండేది (మన ఇండియన్ సూపర్ లీగ్‌కూ దీనికీ సంబంధం లేదు, ఈ ముక్క పాఠకులకు తప్పకుండా చెప్పు). అది 2001లో దివాళా తీసింది. ఆ కంపెనీ నుంచి హావెలాంజ్ లంచాలు తీసుకున్నాడని 2012లో బయటపడిన స్విస్ ప్రాసిక్యూషన్ పత్రాలు తేల్చాయి. మరుసటి ఏడాది ఆయన గౌరవాధ్యక్ష పదవి వదులుకున్నాడు. ఆఫ్రికాకు తలుపు తీసినవాడూ లంచం తీసుకున్నవాడూ ఒక్కడే. ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే నీ వ్యాసం సగమే నిజం చెబుతుంది. రెండూ ఒకే పేరాలో పక్కపక్కన ఉంచే ధైర్యం నీకు రావాలని నా కోరిక.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు నీకు చెప్పాలి. 2015 మే 27 తెల్లవారుజామున, ఫిఫా ప్రధాన కార్యాలయం ఉన్న జ్యూరిచ్‌లోని బావర్ ఓ లాక్ హోటల్లో స్విస్ పోలీసులు ఏడుగురు ఫుట్‌బాల్ అధికారులను అరెస్టు చేశారు. అమెరికా న్యాయశాఖ మొత్తం 14 మందిపై అభియోగాలు మోపింది. 24 ఏళ్లలో 15 కోట్ల డాలర్లకు పైగా లంచాలు అని అందులో ఉంది. ఆ రాత్రే ఒక పత్రికకు వ్యాసం రాసిచ్చాను. అప్పటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ పని అయిపోయిందని, రెండు రోజుల్లో జరిగే ఎన్నికలో ఓడిపోతాడని రాశాను. 29న ఓట్లు లెక్కిస్తే బ్లాటర్‌కు 133, పోటీగా నిలబడ్డ జోర్డాన్ ప్రిన్స్ అలీకి 73. తప్పుకుంటానని బ్లాటర్ ప్రకటించింది ఆ తర్వాత నాలుగు రోజులకు, అమెరికా దర్యాప్తు దగ్గర పడుతున్నకొద్దీ. ఆయన్ను ఓటర్లు దింపలేదు. నేను టీవీలో హోటల్ గుమ్మం దగ్గర అడ్డుపెట్టిన తెల్లటి దుప్పట్లు చూస్తూ రాశాను. ఆ 133 సమాఖ్యలకు ఏటా జ్యూరిచ్ నుంచి ఏం వెళుతోందో చూడలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నువ్వు ముందు డబ్బు దారి చూసి, ఆ తర్వాత మనిషి ముఖం చూడు.

2016 ఫిబ్రవరి 26 గురించి నువ్వు రెండు వాక్యాలే రాశావు. నా దృష్టిలో నీ వ్యాసానికి గుండెకాయ ఆ రోజే. ఒకే రోజు జ్యూరిచ్‌లో రెండు పనులు జరిగాయి. పొద్దున సంస్కరణలకు ఓటు వేశారు. 24 మంది ఎగ్జిక్యూటివ్ కమిటీ స్థానంలో 37 మంది కౌన్సిల్ వచ్చింది. ఒక్కో ఖండ సమాఖ్య నుంచి కనీసం ఒక మహిళ ఉండాలన్నారు. అధ్యక్షుడికి నాలుగేళ్ల చొప్పున మూడు పదవీకాలాలు, అంటే 12 ఏళ్లు మించకూడదన్నారు. సాయంత్రానికి జియాని ఇన్ఫాంటినో రెండో రౌండులో 115 ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఓటింగ్‌కు ముందు వేదిక మీద నిలబడి, ఫిఫా డబ్బు మీ డబ్బేనని సమాఖ్యలకు చెప్పాడు. హాలంతా చప్పట్లు. పొద్దున కట్టిన కట్టుబాట్లూ, సాయంత్రం ఇచ్చిన మాటా, ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో తర్వాతి ఏళ్లలో వెతుకు.

అదే ఏడాది మే నెలలో మెక్సికో సిటీ కాంగ్రెస్ ఒక చిన్న సవరణ చేసింది. ఎథిక్స్, ఆడిట్ లాంటి స్వతంత్ర కమిటీల అధిపతులను నియమించే, తీసేసే అధికారం తాత్కాలికంగా కౌన్సిల్‌కు వచ్చింది. ఆడిట్ కమిటీ అధిపతి డొమెనికో స్కాలా నిరసనగా రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది బహ్రెయిన్‌లో ఎథిక్స్ కమిటీ పెద్దలిద్దరికీ, కార్నెల్ బోర్బెలీకి, హాన్స్ యోహిం ఎకర్ట్‌కి, పదవి కొనసాగించలేదు. వందల కేసులు పెండింగ్‌లో ఉన్నాయని వాళ్లు బయటికొచ్చి చెప్పారు. 2022 డిసెంబర్లో, ఖతార్‌లో ఫైనల్‌కు రెండు రోజుల ముందు, ఇన్ఫాంటినో విలేకరులకు ఒక సంగతి చెప్పాడు. 2016 నుంచి 2019 దాకా తను చేసింది బ్లాటర్ వదిలేసిన మిగులు కాలం కాబట్టి అది పూర్తి పదవీకాలంగా లెక్కకు రాదని కౌన్సిల్ తేల్చిందట. అంటే 2027లో మళ్లీ గెలిస్తే 2031 దాకా ఉండొచ్చు. మొత్తం 15 ఏళ్లు. నియమావళిలో 12 అన్న అంకె ఎవరూ మార్చలేదు, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో మార్చారు. దీన్ని నువ్వు "నియమాలను తుంగలో తొక్కారు" అని రాశావు. తొక్కలేదమ్మా. నియమం లోపలి నుంచే దారి తీశారు. పాఠకుడికి చూపించాల్సింది ఆ దారినే.

ఆతిథ్య దేశాల ఎంపికలోనూ ఇదే కనిపిస్తుంది. 2010 డిసెంబర్ 2న ఎగ్జిక్యూటివ్ కమిటీలో 22 మంది కూర్చుని రష్యాకు 2018, ఖతార్‌కు 2022 ఇచ్చేశారు. చివరి రౌండులో ఖతార్ 14, అమెరికా 8. దాని మీద వచ్చిన గొడవ వల్లనే ఆ నిర్ణయం కాంగ్రెస్ చేతికి వెళ్లింది. 2018లో మాస్కోలో సభ్య సమాఖ్యలు ఓటు వేశాయి. అమెరికా, కెనడా, మెక్సికో ఉమ్మడి బిడ్‌కు 134, మొరాకోకు 65. ఏ దేశం ఎటు వేసిందో కూడా ప్రకటించారు. ఎంత మంచి మార్పు! తర్వాత 2024 డిసెంబర్ 11కి రా. 2030, 2034 రెండింటికీ ఒక్కో బిడ్డే మిగిలింది. వీడియో సమావేశంలో సమాఖ్యల పెద్దలు కెమెరా ముందు చేతులు ఎత్తి చప్పట్లు కొట్టారు. స్పెయిన్, పోర్చుగల్, మొరాకోలకు 2030, సౌదీ అరేబియాకు 2034 ఖాయమైపోయాయి. చప్పట్లతో ఆమోదించే ఆ పద్ధతికి తాము మద్దతివ్వడం లేదని నార్వే రికార్డు చేయించింది. మూడు మ్యాచ్‌లు దక్షిణ అమెరికాకూ ఇచ్చి 2030ను మూడు ఖండాలకు పంచేసరికి 2034 ఆసియా, ఓషియానియాలకే మిగిలింది. ఆసక్తి తెలపడానికి వాళ్లకు ఇచ్చిన గడువు 2023 అక్టోబర్లో ఒక నెల కూడా లేదు. ఆఖరి రోజున ఆస్ట్రేలియా తప్పుకుంది. నీ వ్యాసంలో సౌదీ డబ్బు గురించి ఒక పేజీ ఉంది, ఈ గడువు గురించి ఒక్క ముక్క లేదు. అది చేర్చు.

డబ్బు అంకెల గురించి కూడా. 2019-22 నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం 757 కోట్ల డాలర్లు అని రాసి ఆశ్చర్యార్థకం పెట్టావు. ఆ అంకె చదివినవాడికి నోరు తెరుచుకుంటుందే గానీ ఏమీ బోధపడదు. దాని పక్కన ఇంకో అంకె పెట్టు. 2023-26 మధ్య ఫిఫా ఫార్వర్డ్ పథకం కింద ఒక్కో సమాఖ్యకు 80 లక్షల డాలర్ల వరకు వస్తాయి. ఇంగ్లండ్ సమాఖ్యకు అది వచ్చినా రాకున్నా పెద్ద తేడా ఉండదు. ప్రేక్షకులు, టీవీ డబ్బు లేని దీవి సమాఖ్యకు ఆఫీసు, కోచ్‌ల జీతాలు, జట్టు విమానం టికెట్లు అన్నీ అందులోంచే. ఆ డబ్బుతో వేసిన మైదానంలో పిల్లలు నిజంగానే ఆడతారు. ఆ డబ్బు పంపే మనిషికి ఎదురు ఓటు వేయడం ఆ సమాఖ్య పెద్దకు నిజంగానే కష్టం. 2019లోనూ 2023లోనూ ఇన్ఫాంటినో మీద ఎవరూ పోటీ చేయలేదు.

ఒక చోట నీ వ్యాసంలో తప్పుంది. గోల్‌కీపర్ ఎనిమిది సెకన్లకు మించి బంతి పట్టుకుంటే కార్నర్ ఇచ్చే రూలు ఫిఫా తెచ్చిందన్నావు. ఆట రూల్స్ మార్చేది ఇఫాబ్ అనే వేరే బోర్డు, 1886 నాటిది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లకు ఒక్కో ఓటు, ఫిఫాకు నాలుగు. ఎనిమిదిలో ఆరు రావాలి. అంటే ఫిఫా ఒంటరిగా ఏ రూలూ మార్చలేదు.

ఇంకో సంగతి, చాలా ముఖ్యమైనది. బ్లాటర్‌నూ, అప్పట్లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడైన ప్లాటినీనీ నువ్వు "దొంగలు" అన్నావు. ఫిఫా నుంచి ప్లాటినీకి వెళ్లిన 20 లక్షల స్విస్ ఫ్రాంకుల చెల్లింపు విషయంలో ఫిఫా ఎథిక్స్ కమిటీ 2015లో ఇద్దరినీ నిషేధించిన మాట నిజం. స్విస్ కోర్టు అదే వ్యవహారంలో 2022లో, మళ్లీ అప్పీలులో 2025లో ఇద్దరినీ నిర్దోషులన్నదీ అంతే నిజం. ఇన్ఫాంటినో మీద 2020లో స్విట్జర్లాండ్‌లో తెరిచిన క్రిమినల్ కేసు 2023లో మూతపడింది. ఆరోపణను ఆరోపణ అనే రాయి. తీర్పు వస్తే తీర్పు రాయి. కోపం ఎంత ఉన్నా సరే. నీకు కోపం ఉండాలి కూడా, కానీ అది పదాల్లోకి రానక్కర్లేదు, వెతుకులాటలోకి వస్తే చాలు.

"ఇదంతా జ్యూరిచ్ గొడవ, తెలుగువాళ్లకెందుకు అంటారేమో" అని ఉత్తరం చివర భయపడ్డావు. 2022 ఆగస్టును గుర్తు చేసుకో. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు మూడు పదవీకాలాలు ముగిశాక కూడా ఎన్నికలు జరగకుండా కొనసాగుతూ వచ్చాడు. సుప్రీంకోర్టు మే నెలలో ఆ పాలకవర్గాన్ని పక్కనపెట్టి ముగ్గురితో ఒక కమిటీ వేసింది. ఓటర్లలో 36 మంది మాజీ ఆటగాళ్లను చేర్చాలన్న ఆలోచన వచ్చింది. బయటివారి జోక్యం అంటూ ఫిఫా మనల్ని సస్పెండ్ చేసింది. అక్టోబర్లో మన దగ్గర జరగాల్సిన అమ్మాయిల అండర్-17 వరల్డ్ కప్ పోతుందేమోనని అందరికీ టెన్షన్. కోర్టు తన కమిటీని రద్దు చేశాక, ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు. ఎన్నికలో రాష్ట్ర సంఘాలే ఓటర్లు. కల్యాణ్ చౌబేకు 33, భారత మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియాకు 1. ఆటగాళ్లకు ఓటుంటే ఫలితం ఎలా ఉండేదో ఊహించి రాయకు. ఓటరు జాబితా ఎలా మారుతూ వచ్చిందో తేదీలతో పక్కపక్కన పెట్టు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన మన జట్లను తీర్చిదిద్దిన కోచ్ రహీమ్ సాబ్ ఊరు హైదరాబాద్. ఆ ఊరి పాఠకుడికి ఈ కథ పరాయిది కాదు.

ఫిఫా నియమావళి, వార్షిక నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. నియమావళి పాత ప్రతులు కూడా సంపాదించి, పాతదీ కొత్తదీ ఎదురెదురుగా పెట్టుకుని చదువు. విసుగొస్తుంది. ఒక్కోసారి వారం రోజులు చదివినా ఒక్క మాట తేడా దొరుకుతుంది. ఆ మాటే నీ వ్యాసం.

నీ ప్రతి, నా పెన్సిల్ గుర్తులతో, పోస్టులో పంపుతున్నాను. దసరాలోగా రెండోది రాసి పంపు. మొదటి పేజీ మొత్తం తీసెయ్, మాంట్సెరాట్ పేరాను అక్కడికి తీసుకురా. అందులో మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు